జానెడు వత్తి

రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలం, ఖాజాగూడ వాస్తవ్యురాలిని, కీర్తిశేషులు లింగయ్య భార్యను, బండ కొట్టి బతికినదాన్ని, అరవై ఆరేళ్ల చంద్రమ్మను, నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. నా ఎడమ చేతికి పిండికట్టు ఉంది. బుర్రకు ఏ కట్టూ లేదు. మతి స్థిమితంగా ఉందని దవాఖాన డాక్టరు ఇచ్చిన చీటీ దీనికి కుట్టించాను. నన్నెవరూ బెదిరించలేదు. బెదిరించేవాడు ఒక్కడే, నా కొడుకు నరేందర్. ఇది రాయిస్తున్నట్టు వాడికి తెలియదు.

నాకు చదువు రాదు. మండలాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన నల్లగండ్ల విశ్వేశ్వరరావుగారు నేను చెబుతుంటే రాశారు. సగం మాటల దగ్గర ఆగి, "ఇవి వీలునామాలో ఉండకూడదండీ" అన్నారు. "సొమ్ము నాది, పాపం నాది, నువ్వు రాయి సారూ" అన్నాను. నా తర్వాత దీన్ని అమలు జరపవలసినదీ ఆయనే.

1. ఖాజాగూడ చెరువు వెనక నా పేర పట్టా ఉన్న ఎకరం భూమి. దానిలో రాళ్లు తప్ప ఏమీ పండలేదు. మాదాపూర్‌లో అద్దాల మేడ లేచినప్పటి నుంచి ఈ భూమి కోసం కార్లు వస్తున్నాయి. రోడ్డు వైపు ఇరవై గుంటలు నరేందర్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. చెరువు వైపు ఇరవై గుంటలు ఒకప్పటి మా క్వారీ మేస్త్రీ వెంకటనారాయణకు, ఆయన తర్వాత ఆయన పిల్లలకు సర్వహక్కులతో చెందాలి.

ఇది విని నరేందర్ పళ్లు కొరుకుతాడు. ముప్పై ఏళ్ల కింద వాడు గడ్డపారతో మోకాలు పచ్చడి చేసింది ఈ వెంకటనారాయణకే. ఆయనకు దవాఖానలో కాలు తీసేశారు. వాడికి ఏడేళ్ల జైలు పడింది. తండ్రిని చంపినవాడి కాలు విరగ్గొట్టానని వాడు ఈనాటికీ రొమ్ము విరుచుకుని తిరుగుతాడు. ఆ రొమ్ము మీద కొట్టే మాట కింద రాయిస్తున్నాను.

2. క్వారీలో బండకు బెజ్జం పెట్టి, పేలుడు మందు కూరి, వత్తి వెలిగించే పని లింగయ్యది. వత్తి కోసి ఇచ్చే పని నాది. నాలుగడుగులకు తక్కువ కోయొద్దని వెంకటనారాయణ వెదురుకర్ర మీద గీత గీసి నా చేతికిచ్చాడు. ఆ నాలుగడుగులు కాలేలోపు మనిషి అడ్డబండ వెనక్కి చేరాలి. నేను ప్రతి వత్తిలో జానెడు తగ్గించి కోశాను. ఇరవై వత్తులు కోసేసరికి వత్తి చుట్టలో పదిహేను అడుగులు మిగిలేది. దాన్ని కొంగులో చుట్టుకుపోయి బావులు తవ్వేవాళ్లకు అమ్మాను. రెండేళ్లు అమ్మాను. ఈ ఎకరం ఆ డబ్బే. నేను కూలిలో మిగిల్చానని లింగయ్య మురిసిపోయాడు. "నువ్వు మిగిల్చినవ్, పట్టా నీ పేర్నే ఉండాలె" అన్నాడు. పిచ్చి మారాజు.

1968 ఎండాకాలంలో ఒకరోజు వత్తి వెలిగించి ఉరికాడు. కంకర మీద జారి పడ్డాడు. లేచాడు. "ఉరుకు, ఉరుకు" అని నేను గొంతు పగిలేట్టు అరిచాను. అడ్డబండకు ఇంకా పదడుగులు ఉండగా పేలింది. రాయి తల వెనక తగిలింది. నేను ఒళ్లోకి తీసుకున్నది సగం తలనే. జానెడు వత్తి కాలడానికి ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. పదడుగులు ఉరకడానికి నాలుగు అంకెలు చాలు. ఈ లెక్క నేను రోజూ పెడుతూనే ఉన్నాను.

పద్దెనిమిదేళ్ల నరేందర్ ఉరికొచ్చి "ఎట్లయిందే అవ్వా" అని అడిగాడు. "మేస్త్రీ పాడు వత్తి ఇచ్చిండు బిడ్డా" అన్నాను. వాడు గడ్డపార తీసుకుని వెళుతుంటే ఆపలేదు. కోర్టులోనూ నోరు విప్పలేదు. నిజం చెబితే భూమి పోతుందని భయం. మొగుడు పోయాడు, కొడుకు జైలుకు పోయాడు, నాకు మాత్రం భూమి మీదే ఫికర్. థూ, నా బతుకు!

వెంకటనారాయణ ఇప్పుడు కొత్తగా కడుతున్న ఒక మేడకు కాపలా మనిషిగా మన వైపు వచ్చాడు. చంకకర్ర మీద నడుస్తున్నాడు. పోయిన నెల నరేందర్ ఆయన్ను చాయ్ హోటల్ దగ్గర చూసి ఇంటికొచ్చి గొడ్డలి తీశాడు. "ఇయ్యాల ఖతం చేస్త" అన్నాడు. గడపలో అడ్డంగా నిలబడ్డాను. తోసేశాడు, చెయ్యి విరిగింది. పక్కింటి యాదమ్మ వాడి కళ్లలో కారం కొట్టకపోతే ఆ పూటే శవం లేచేది.

3. నా ఇత్తడి బిందె పన్నెండేళ్లుగా యాదమ్మ ఇంట్లోనే ఉంది. అడిగినప్పుడల్లా "ఏ బిందె?" అంటుంది. కారం ఖరీదు కింద అది ఆమెకే ఇస్తున్నాను. ఇక మంచం కింద దాచక్కర్లేదు.

4. నేనుంటున్న రెండు గదుల ఇల్లు కోడలు నీలమ్మకు. నరేందర్‌కు ఇందులో ఏ హక్కూ లేదు. వాడు చెయ్యెత్తిన రోజు బయటికి పోవలసింది వాడే, ఆమె కాదు. వాడు ఆమెను మొదటిసారి కొట్టినప్పుడే, పదహారేళ్ల కిందే ఇట్లా రాయవలసింది.

5. మనవరాలు రోహిణికి నా వెండి కడియాలు, పోస్టాఫీసులో ఉన్న పదివేలు, ఆ వెదురుకర్ర. పదివేలు అమీర్‌పేటలో నువ్వు నేర్చుకుంటున్న కంప్యూటర్ ఫీజుకు. సగంలో మానేసి చీరలు కొంటే దయ్యమై వస్తాను. కర్ర ఎందుకంటావా? దాని మీద రెండు గీతలున్నాయి. పైది మేస్త్రీ గీసింది, దానికి జానెడు కిందిది నేను గీసింది. బిడ్డా, పైసా మిగిల్చు, నేను వద్దనను. కూడు తగ్గించి మిగిల్చు, బట్ట తగ్గించి మిగిల్చు. మనిషి ప్రాణంతో బయటపడడానికి ఉంచిన టైమును మాత్రం కోసి అమ్ముకోకు. నీదీ కోయకు, వేరేవాళ్లదీ కోయకు. పడిపోయినవాడు లేచి ఉరకడానికి సరిపడా వదిలిపెట్టు. నీకు ఇయ్యడానికి నా దగ్గర ఇంతకన్నా తెలివి లేదు.

6. నరేందర్‌కు ఇంకో మాట. శుక్రవారంలోగా సంతకం పెట్టమని ఒక బ్రోకరు నీ వెంట తిరుగుతున్నాడు. తొందరపెట్టేవాడికి గజం కూడా అమ్మకు. ఏడేళ్లు జైల్లో కూర్చున్నావు, ఏడు నెలలు ఆగలేవా? ఆ ఏడేళ్లు నేను తిన్నాను. అవి తిరిగి ఇయ్యడానికి నా దగ్గర ఏ పట్టా లేదు.

7. వీలునామా మనిషి పోయాకే చదవాలని విశ్వేశ్వరరావుగారు అంటారు. నేను పోయేలోపు వాడు వెంకటనారాయణను నరికితే ఈ కాగితం దేనికి? అందుకని ఈ ఆదివారం పొద్దున మా ఇంట్లో, నరేందర్‌ను కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా ఆయన చదవాలి. నేను ఎదురుగానే కూర్చుంటాను. గొడ్డలి దాచలేదు, తలుపు వెనకే ఉంది. లేచి దాన్ని పట్టుకుంటే ఎవరి మీద ఎత్తాలో వాడికి అప్పుడు తెలిసి ఉంటుంది. యాదమ్మ ఈసారి కారం తేకూడదు.

ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయించలేదు. చదివించుకుని విన్నాను. ఒక్క మాట కూడా తీసెయ్యలేదు.

ఖాజాగూడ, 1998 నవంబరు 19, గురువారం.

చంద్రమ్మ, కుడిచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
1. కమలమ్మ, ఖాజాగూడ (వేలిముద్ర)
2. ఉదయ్ భాస్కర్, నల్లగండ్ల (సంతకం)

రాసినవారు: విశ్వేశ్వరరావు

22వ తేదీ ఆదివారం చదివి వినిపించగా విన్నవాడు:

విన్న. గొడ్డలి చెరువుల పడేసిన. అవ్వతోని మాట్లాడ.
నరేందర్