పార్సిళ్ళలో వెళ్ళిన పొగసామాను

సిండర్ లోయ, కాలిఫోర్నియా
1994 జనవరి 5

పొగ తనిఖీ ఆఫీసు పెద్దలకు, తేనెటీగలు పెంచుకునే ఆల్వా ప్రూయిట్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నా 1979 నాటి పికప్ బండి మీ పరీక్ష తప్పింది. తప్పినందుకు బాధ లేదు, బళ్ళో నేనూ చాలాసార్లు తప్పాను. కానీ ఫిబ్రవరి పన్నెండుకల్లా నలభై తేనెపెట్టెల్ని ఆ బండి మీదే బాదం తోటలకు చేర్చాలి. పూత ఉండేది మూడు వారాలే. అది దాటిందంటే నాకూ నా ఈగలకూ ఏడాదంతా పస్తే.

మీరు పంపిన కాగితం మీద సిరా సగం అంటలేదు. కనబడినంత మటుకు “పొగ తగ్గించే సామగ్రి... ఆఫీసుకు పంపవలెను” అని ఉంది. మా పక్క కమతం డెల్మర్ పదేళ్ళుగా నా చెవిలో పోరుతున్నాడు: “ఆ చెత్తంతా పీకి పారెయ్యవోయ్, ఇంజను గుర్రంలా ఉరుకుతుంది!” ప్రభుత్వమే పీకి పంపమంటే ఇక నాకు అడ్డేముంది? మొదటి విడతగా ఇంజను పక్కనుండే గాలి పంపు పంపుతున్నాను.

చట్టాన్ని గౌరవించే
ఆల్వా ప్రూయిట్

తా.క.: పార్సిల్లో ఏముందని పోస్టాఫీసు అమ్మాయి అడిగింది. “గాలిది” అన్నాను. గాలికింత బరువేమిటని సణుగుతూ నాలుగు స్టాంపులు ఎక్కువ అంటించింది.


పొగ తనిఖీ ఆఫీసు
జనవరి 11

శ్రీ ప్రూయిట్ గారికి,

మీరు పంపిన గాలి పంపు అందినది. నియమాల ప్రకారం ఒక్క పంపును విడిగా పరిశీలించుట కుదరదు. పంపు, పెట్రోలు ఆవిరి పట్టే బొగ్గు డబ్బా, కవాటాలు, రబ్బరు గొట్టాలు, పొగను శుద్ధి చేసే డబ్బా, ఇవన్నీ కలిపి ఒకే అమరికగా పరిగణించబడును. అన్నీ ఉన్నప్పుడే మీ విషయం ముందుకు సాగును.

ఇట్లు
వై. బర్రగాన్, గుమాస్తా

తా.క.: పంపుకున్న గ్రీజు నా బల్ల మీది పదిహేడు దరఖాస్తులకు అంటినది. ఆ పదిహేడుగురికీ క్షమాపణ రాయుచున్నాను.


సిండర్ లోయ
జనవరి 17

బర్రగాన్ అయ్యగారికి ఆల్వా వందనాలు.

ఒక్కటే పంపడం నా తప్పే. అన్నీ కలిపి చూస్తామన్నారు కాబట్టి అన్నీ పంపుతున్నాను. మూడు పార్సిళ్ళు. శుద్ధి డబ్బా బోల్టులు తుప్పు పట్టి రానంటే రానన్నాయి. రెండు రోజులు బండి కింద పడుకుని, నా భార్య బతికుంటే చెవులు మూసుకునే మాటలన్నీ అన్నాక ఊడొచ్చాయి. రబ్బరు గొట్టాలు మాత్రం ఏది ఎక్కడిదో నాకు తెలియదు. ఇంజను మీద నూడుల్స్ ఒలకబోసినట్టు ఉండేవి. ఒక్క చుట్టగా చుట్టి పెట్టాను.

మీ విధేయుడు
ఆల్వా

తా.క.: గొట్టాలు మొత్తం ముప్పై ఒక్క అడుగులు. మీరు ఒకసారి కొలుచుకోండి, తరవాత మాట రాకూడదు.


పొగ తనిఖీ ఆఫీసు
జనవరి 22

ప్రూయిట్ గారూ,

దయచేసి ఇంకేమీ విప్పకండి! మేమడిగింది సామగ్రి “వివరాలు”. ఆ ఒక్క మాటే అచ్చు కాలేదు. మొదట వచ్చిన పంపు చూసి, కొత్తది కొన్నారేమో, పనికొస్తుందో లేదో అడుగుతున్నారనుకున్నాను. ఇప్పుడు మీ బండి సగం మా ఆఫీసులో ఉంది. ఈ సామాను లేకుండా దాన్ని రోడ్డెక్కించడం నేరం. పరీక్షకు తెచ్చినా, బానెట్ ఎత్తగానే తిప్పి పంపేస్తారు.

ఇంకొకటి, నేను అయ్యగారిని కాను.

యెసేనియా బర్రగాన్

తా.క.: బొగ్గు డబ్బాలోంచి ఒక తేనెటీగ బయటికొచ్చింది. వరసలో ఉన్న ఎనిమిది మందీ ఒక్కసారిగా తలుపు దగ్గరికి పరిగెత్తారు. ఆ రోజు పని మాత్రం తొందరగా ముగిసింది.


సిండర్ లోయ
జనవరి 27

అమ్మా యెసేనియా,

క్షమించు తల్లీ. అసలు సంగతి దాచను. సామాను పీకాక బండి నిజంగానే ఉరికింది. నా స్థలం దాటలేదు, ఒట్టు. గట్టెక్కేటప్పుడు దాని జోరు చూసి డెల్మర్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. ఒక పూట నేనూ మురిసిపోయాను.

మర్నాడు తేనెపెట్టెలు ఎక్కించుకుందామని వెనక్కి నడిపి, ఇంజను ఆపకుండా దిగాను. ఆ పొగకి నా కళ్ళు మండిపోయాయి. పెట్టెల ముందుకొచ్చిన ఈగలు గుమ్మంలోనే తూలి పడుతున్నాయమ్మా. ఇంజను ఆపి, పెట్టెలన్నీ ఒక్కణ్ణే దూరంగా మోశాను. పదకొండు చోట్ల కుట్టాయి. కుట్టాలి మరి! వాటి కూడు తింటూ వాటి ముఖానే విషం ఊదినవాణ్ణి.

నా సామాను నాకు పంపించు. కానీ ఏది ఎక్కడ బిగించాలో నాకు తెలియదు. పూతకి పదహారు రోజులే ఉంది.

సిగ్గుపడుతున్న
ఆల్వా

తా.క.: విప్పిన వరసని తిరగేసి బిగిస్తే చాలంటాడు డెల్మర్. విప్పింది కోపంతో. కోపాన్ని తిరగేస్తే ఏమొస్తుందో కనుక్కుని చెప్పు.


పొగ తనిఖీ ఆఫీసు
ఫిబ్రవరి 1

ప్రూయిట్ గారికి నమస్కారాలు.

శుద్ధి డబ్బా ఉన్న పార్సిల్‌ను తుప్పు రాలుతోందని పోస్టువాళ్ళు తీసుకోలేదు. ఆదివారం నేనొక్కదాన్నే వచ్చి మీ సామానంతా ఆఫీసు నేల మీద పరిచాను. మా అమ్మ ఇరవై ఏళ్ళు బళ్ళు బాగుచేసే షెడ్డు నడిపింది. పలక కంటే ముందు పానా పట్టుకున్నదాన్ని. గొట్టాలకి వరసలో నిలబడేవాళ్ళకిచ్చే నంబరు చీటీలు కట్టాను.

ఒక్కొక్క గొట్టాన్నీ ఊది చూశాను. పంపుకి గాలి అందించే గొట్టంలోకి ఊపిరి పోలేదు. తీగ పెట్టి పొడిస్తే పిడికెడు మట్టి రాలింది. కందిరీగ గూడు! బండి తప్పింది అందుకే. సామాను మంచిదే, దానికి గాలాడలేదు, అంతే.

శనివారం పొద్దున్నే వస్తున్నాను. కాఫీ పెట్టి ఉంచండి.

యెసేనియా

తా.క.: కొలిచాను. ముప్పై అడుగులే ఉంది. ఆ ఒక్క అడుగూ ఎక్కడుందో నేనొచ్చేలోగా వెతకండి.


సిండర్ లోయ
ఫిబ్రవరి 13

బంగారు తల్లీ యెసేనియా,

నెగ్గాం!

శనివారం నువ్వు బండి కింద దూరినప్పుడు కంచె మీద వాలి డెల్మర్ ఏమన్నాడో గుర్తుందిగా: “గుమాస్తమ్మ ఇంజను బిగిస్తుందట! కాగితం మీద ముద్ర గుద్దడమనుకుందా?” నువ్వు తలైనా ఎత్తకుండా “తరవాత మీ బండి బానెట్ ఎత్తుదామా?” అన్నావు. ఆ రోజు నించీ వాడు కంచె వైపు రాలేదు.

సోమవారం పరీక్షకి తీసుకెళ్ళాను. అక్కడి మనిషి మీటరు చూశాడు, గోటితో తట్టాడు, మళ్ళీ చూశాడు, లోపల్నించి ఇంకొకణ్ణి పిలిచాడు. “మళ్ళీ తప్పిందా?” అన్నాను. “తాతా, ఈ ఏడాది వచ్చిన పాత బళ్ళలో ఇంత శుభ్రమైన పొగ ఇదే!” అన్నాడు. అతని చెయ్యి పట్టుకుని ఊపేశాను. పాపం, మీటరు కింద పడబోయింది.

నిన్న రెండు విడతల్లో నలభై పెట్టెలూ తోటకి చేరాయి. ఇంజను ఆపకుండానే దింపాను. ఒక్క ఈగ తూలలేదు. మూతలు తీయగానే తెల్లటి పూతలోకి ఎగిరిపోయాయి. తోటంతా హోరు. నేను బండి మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

నీ
ఆల్వా తాత

తా.క.: ఆ ఒక్క అడుగు గొట్టం దొరికింది. దానితోనే నా ప్యాంటు బిగించి కట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు కొత్త ముక్క వేసి వెళ్ళేదాకా చెప్పడానికి ధైర్యం చాల్లేదు.


బర్రగాన్ బండ్ల షెడ్డు
ఫిబ్రవరి 28

ఆల్వా తాతకి యెసేనియా ముద్దులు.

చిరునామా చూసి కంగారు పడకు. ఆ సోమవారం నా గోళ్ళలో నలుపు చూసి మా పై అధికారి, “నీకు బల్ల కావాలా, పానా కావాలా?” అని గద్దించారు. ఆయన నిజంగా అడుగుతున్నారనుకుని పానా అని చెప్పాను, బల్ల పోయింది. అమ్మ పాత షెడ్డు తాళం తీశాం. పొగపరీక్ష తప్పిన బళ్ళు వారంలో తొమ్మిది వచ్చాయి, తొమ్మిదీ నెగ్గాయి.

పదోది నిన్న వచ్చింది. దించిన టోపీ, నల్ల కళ్ళద్దాలు. బానెట్ ఎత్తితే పంపు లేదు, డబ్బాలు లేవు, ఒక్క గొట్టమైనా లేదు. తలెత్తి చూద్దును కదా, మా పై అధికారి! “గుర్రంలా ఉరుకుతుందన్నారు...” అని నసిగారు. మా అమ్మ ఆయనకి కుర్చీ వేసి, వరస చీటీ ఇచ్చింది.

నీ
యెసేనియా

తా.క.: విప్పిన సామాను ఎక్కడుందని అడిగాను. టోపీ ఇంకా కిందికి లాక్కుని, “మన ఆఫీసు స్టోరు గదిలో. తాళం నా దగ్గరే ఉంది” అన్నారు.