నిఖా క్యాసెట్‌లో క్రికెట్ మ్యాచ్

షాహనా ఆపాకు, కల్లూరు నుంచి తమ్ముడి సలాం.

నువ్వడిగిన నీ పెళ్లి వీడియో క్యాసెట్‌ను ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పాత వీసీఆర్ దొరకడానికే పది రోజులు పట్టింది. టేపుకు పట్టిన బూజు తుడిచాక బొమ్మ బాగానే వచ్చింది. నిఖా చదివే చోట మాత్రం ఇరవై నిమిషాలు క్రికెట్ మ్యాచే ఉంది.

వీడియో తీసిన హుసేనప్ప వాడేసిన టేపు అంటగట్టాడని అబ్బా అప్పట్లో నందికొట్కూరు బజారులో ఆయనను తిట్టాడు. మీ అత్తగారి వాళ్లు ఇప్పటికీ మోసగాడనే అంటారు. ఆపా, టీవీలో వస్తున్న ఆ మ్యాచ్‌ను నీ క్యాసెట్ మీద రికార్డు చేసింది నేను. అప్పుడు నాకు పన్నెండేళ్లు. భయపడి నోరు విప్పలేదు.

నిన్న వెళ్లి హుసేనప్పకు ఈ మాట చెప్పాను. "నాకు తెలుసునప్పా. నిఖా అయిన నెలకు ఆడిన మ్యాచ్ అది. నా టేపులో ముందే యాడుంటాది? చెప్తే మీ నాయన నీ ఈపు పగలగొడతాడని ఊరకుంటి," అన్నాడు. ఆ గొడవ తరువాత ఊళ్లో ఎవరూ ఆయనను పెళ్లి వీడియోకు పిలవలేదట.

వీడియో పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. మ్యాచ్‌ను కత్తిరించలేదు. మీ అత్తగారింట్లో అందరినీ కూర్చోబెట్టి చూపించు. మ్యాచ్ వచ్చినప్పుడు నా పేరు చెప్పు.

నీ తమ్ముడు