నాన్న ఫోనుకి మెసేజ్

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరే అని నువ్వు అడగకముందే చెబుతున్నాను: నేనూ, గోడ మీద బల్లీ. నువ్వూ పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిన్ని మోకాళ్ళ నొప్పి, నీ బీపీ, టీవీ రిమోట్ కోసం అక్కాచెల్లెళ్ళ తగాదా, ఈ మూడింటిలో ఏది తగ్గినా వెంటనే రాయండి.

నీ ఉత్తరం చేరింది. "ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొచ్చి చెప్పాల్సింది మరిచిపోతాను, ఉత్తరమే రాయి" అని నాన్న పోయిన కొత్తలో నువ్వన్నప్పుడు, ఈ కాలంలో ఉత్తరాలేమిటి, నీ చాదస్తం కాకపోతే అనుకున్నాను. ఈసారి మాత్రం ఉత్తరమే నయమనిపిస్తోంది. ఇందులో రాయబోయేది నీ మొహం చూస్తూ చెప్పలేను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. జుట్టు ఊడుతోంది, నూనె రాస్తున్నాను, అయినా ఊడుతోంది. ఇంటి ఓనరు కుళాయి బాగుచేయించాడు. ఇదివరకు నీళ్ళు వచ్చేవి కావు, ఇప్పుడు ఆగడం లేదు. ఇక నాన్న ఫోను బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తోందనీ, రబ్బరు బ్యాండు వేసి పెట్టాననీ, కొత్త బ్యాటరీ వేయించనా అనీ అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. కోప్పడకు, మధ్యలో చెప్పాల్సింది చాలా ఉంది.

"వెబ్‌సైటుకి పరీక్షలు పెట్టడమేమిటే, అదేమన్నా బడికెళ్ళే పిల్లా?" అని రాశావు. అది పిన్నికి చదివి వినిపించి ఇద్దరూ పడీపడీ నవ్వి ఉంటారు. నవ్వితే నవ్వారు కానీ, విను. ఇన్నాళ్ళూ నా పనల్లా, మావాళ్ళు తయారుచేసిన వెబ్‌సైటు తెరిచి, కనిపించిన ప్రతి బటనూ చేత్తో నొక్కి, ఏది చెడిందో చెప్పడం. ఇప్పుడు కొత్త పద్ధతి నేర్చుకోమన్నారు. ఇందులో ముందు మామూలు మాటల్లో మూడు ముక్కలు రాయాలి. ఇలా ఉన్నప్పుడు, ఇలా జరిగితే, ఇలా కావాలి. "ఒక రోగి పేరు నమోదై ఉన్నప్పుడు, అతని చెకప్‌కి ముందురోజు వస్తే, అతని ఫోనుకి మెసేజ్ వెళ్ళాలి." అంతే. అది నువ్వు చదివినా అర్థమవుతుంది, డాక్టరు చదివినా అర్థమవుతుంది. తర్వాత ఒక్కో ముక్క వెనకా కంప్యూటరు భాష తగిలిస్తే, అదే వెబ్‌సైటు తెరుస్తుంది, అదే నొక్కుతుంది, అనుకున్నట్టు జరిగితే పచ్చరంగు, జరక్కపోతే ఎర్రరంగు చూపిస్తుంది. బడిపిల్ల పరీక్షే అనుకో. ప్రశ్నపత్రం రాసే పంతులమ్మను నేను.

చెప్పినంత తేలికేం కాదులే. మొదట్లో నేను రాసినవన్నీ ఎర్రగా వచ్చేవి. పేజీ పూర్తిగా తెరుచుకోకముందే నా పరీక్ష ఆత్రంగా బటను కోసం వెతికి, లేదు లేదని గగ్గోలు పెట్టేది. నీలాగే, స్టవ్ వెలిగించీ వెలిగించగానే కాఫీ ఏదీ అన్నట్టు. నా పక్కన కూర్చునే డెవలపర్ ఒకాయన ఉన్నాడు. ఏమడిగినా "చూద్దాం" అంటాడు, అందుకని ఆఫీసులో ఆయన పేరే చూద్దాం అయిపోయింది. ఓపికగల మనిషి. "మీ పరీక్షకి కాస్త ఆగడం నేర్పండి" అన్నాడు. నాకే రాని విద్య దానికేం నేర్పను?

ఈ పద్ధతిలో ఇంకో నియమం ఉంది. ఆ వాక్యాలు మా బుర్రలో పుట్టినవి కాకూడదు. వెబ్‌సైటుని రోజూ వాడేవాళ్ళను కూర్చోబెట్టుకొని, వాళ్ళకు నిజంగా జరిగినవి చెప్పించుకొని, అవే రాయాలి. నాన్న చూపించుకున్న ఆస్పత్రి మా వెబ్‌సైటే వాడుతుందని నీకు తెలుసు. నీకేమిటి, ఆ హాల్లో కూర్చున్న ప్రతివాళ్ళకూ తెలుసు, నాన్న చెప్పకుండా వదిలితేగా! చెకప్ మెసేజ్ చూపించి "ఇది మా అమ్మాయివాళ్ళ ఆఫీసు చేసిందే" అని పక్కవాళ్ళ ముక్కు మీద ఫోను పెట్టేవాడు. దాన్ని తయారుచేసింది నేను కాదు నాన్నా, తప్పులు వెతికేదాన్ని అంటే వినేవాడా?

పోయిన నెల ఆ ఆస్పత్రి కౌంటర్లో కూర్చునే ఆవిడనే మీటింగుకి పిలిచారు. ఆవిడ అక్కడినుంచే స్క్రీను మీద మాట్లాడింది. వాక్యాలు రాయడం నా వంతు. మా లీడర్ మేడమ్ అడిగింది: "మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన సంగతి ఒకటి చెప్పండి. జరిగింది జరిగినట్టు చెప్పండి."

ఆవిడ చెప్పింది. ఆవిడ మాటలే రాస్తున్నానమ్మా.

"మా దగ్గర చూపించుకునే ఒక పెద్దాయన పోయారు మేడమ్. పోయినట్టు మేం కంప్యూటర్లో ఎక్కించాం కూడా. అయినా ఆయన ఫోనుకి నెలనెలా ఒక మంగళవారం చెకప్ మెసేజ్ పోతూనే ఉంది. మెసేజ్ వచ్చిన మర్నాడల్లా వాళ్ళావిడ వచ్చేస్తారు. మేం తలుపు తీసేసరికే మెట్ల మీద ఉంటారు. 'అది పొరపాటున వస్తోందమ్మా, మీరు రానక్కర్లేదు' అని చెప్పాను. 'తెలుసు తల్లీ, కాసేపు కూర్చొని పోతా' అన్నారు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటారు. పక్క కుర్చీలో నీలం ఫ్లాస్కు పెడతారు. ఎవరైనా కూర్చోబోతే 'మనిషొస్తాడు' అంటారు. ఆయన్ని పిలిచే టైము దాటాక లేచి వెళ్ళిపోతారు. మొహం వాచి ఉంటోంది, బీపీ చూస్తా రండమ్మా అంటే, 'నాకేం, నేను తోడొచ్చినదాన్ని' అంటారు."

నీలం ఫ్లాస్కు అన్నప్పుడే నువ్వు నాన్నతో ఆస్పత్రికి పట్టుకెళ్ళే ఫ్లాస్కు గుర్తొచ్చింది. నీలం ఫ్లాస్కులు ఊరినిండా ఉంటాయి కదా అని సర్దిచెప్పుకున్నాను. అప్పుడావిడ అంది: "వాళ్ళమ్మాయి మీ ఆఫీసులోనే పనిచేస్తుందట మేడమ్. పెద్దాయన ఎప్పుడూ చెప్పేవారు. మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త ఆ అమ్మాయికి చెప్పండి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తల వంచుకొని రాసుకుంటున్నట్టు నటించాను. ఇంట్లో నోట్లో నువ్వుగింజ నానదని నువ్వు తిట్టే నీ కూతురికి, "ఆ అమ్మాయిని నేనే" అనే చిన్న ముక్క బయటకు రాలేదు.

"బుధవారాలు పై అంతస్తు ఆవిడతో పార్కుకి పోతున్నా, కాస్త గాలి మారుతోంది" అని రాశావే! నేను నమ్మేశాను. పోనీలే, నలుగురిలో తిరుగుతోంది అని సంతోషపడ్డాను కూడా. అంతకుముందు ఒక ఉత్తరంలో "మీ నాన్న పోయినా వేళకే రమ్మంటున్నారే మీ ఆఫీసువాళ్ళు" అని రాస్తే, జోకు అనుకొని నవ్వాను. ఎంత మొద్దుని!

నిజానికి తప్పు ఎక్కడుందంటే, ఆస్పత్రివాళ్ళు మనిషి పోయినట్టు ఒకచోట ఎక్కిస్తారు, మెసేజ్‌లు పంపే భాగం అటు తొంగిచూడనే చూడదు. మా దగ్గర బోలెడు వాక్యాలున్నాయి. రోగి తేదీ మార్చుకుంటే, రోగి ఫోను మార్చుకుంటే, రోగి వేళకు రాకపోతే. రోగి పోతే అనే వాక్యం ఇంతమందిలో ఒక్కరూ రాయలేదు. ఆ మధ్యాహ్నం నేను రాశాను. "ఒక రోగి చనిపోయి ఉన్నప్పుడు, అతని చెకప్‌కి ముందురోజు వస్తే, అతని ఫోనుకి మెసేజ్ వెళ్ళకూడదు." నాన్న పోయిన రోజున కూడా ఎవరికీ "చనిపోయాడు" అని చెప్పలేదు నేను. "లేడు" అన్నాను, "వెళ్ళిపోయాడు" అన్నాను. మొదటిసారి ఆ మాట కంప్యూటరుకు చెప్పాను. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చాను.

దాన్ని నడిపిస్తే ఏమైందో తెలుసా? పచ్చగా వచ్చింది! వెబ్‌సైటులో ఇంకా ఏదీ మార్చలేదు, ఎలా వస్తుంది? రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, మెసేజ్‌లు తయారై బయటికి వెళ్ళడానికి కాస్త సమయం పడుతుంది. నా పరీక్ష ఆ ఆత్రంలో వెంటనే ఫోను చూసి, మెసేజ్ లేదు, అంతా బాగుందని చెప్పేస్తోంది. పోనీ కాసేపు ఆగమన్నాను. ఒక్కోసారి అదీ చాలడం లేదు. వచ్చేదైతే వచ్చేదాకా ఆగొచ్చు. రాకూడనిది రాలేదని తేల్చుకోవాలంటే ఎంతసేపు ఆగాలి? ఇది చూద్దాం గారినే అడిగాను. అడుగుతుంటే కుర్చీలో ఫ్లాస్కు పెట్టుకొని కూర్చున్న నువ్వు కళ్ళముందు కనిపించావు.

ఆయన ఎప్పటిలాగే "చూద్దాం" అని, సాయంత్రం టీ తాగుతూ చెప్పాడు. "ఇద్దరు రోగుల్ని పెట్టండి. పోయినాయన్ని ముందు, బతికున్న ఇంకొకర్ని ఆయన వెనక. ఇద్దరికీ ఒకటే తేదీ. మెసేజ్‌లు వరసలో ఒకదాని వెనక ఒకటి పోతాయి. బతికున్న మనిషి మెసేజ్ వచ్చేదాకా ఆగండి. అది వచ్చిందంటే ముందువాళ్ళ వంతు అయిపోయినట్టే. ఇక ఎదురుచూడక్కర్లేదు. అప్పుడు పోయినాయన ఫోను చూడండి."

అలాగే చేశాను. ఈసారి ఎర్రగా వచ్చింది, నిజమైన ఎరుపు. అప్పుడు ఆయన మెసేజ్‌ల భాగాన్ని సరిచేశాడు. మళ్ళీ నడిపిస్తే పచ్చగా వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. లీడర్ మేడమ్ అయితే చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు దాచకుండా చెబుతున్నాను. అది ఆస్పత్రికి పంపేముందు "సరే" అనాల్సింది నేనే. రెండు రోజులు అనకుండా ఉన్నాను. నాన్న నంబరు ఒక్కటీ వదిలేయండి అని చూద్దాం గారి చెవిలో వేస్తే కాదనేవాడు కాదు. ఎవరికి తెలుస్తుంది, మా అమ్మకు నెలకో ఆసరా కదా అనుకున్నాను. అడగడానికి లేచాను కూడా. అప్పుడు కౌంటరావిడ చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ మెసేజ్ చూసి, బిడ్డ బతికే ఉందేమో, ఇంకో వార్డులో ఉంచారేమోనని పరిగెత్తుకుంటూ వచ్చాడట. ఆవిడ అది చెబుతూ కళ్ళు తుడుచుకుంది. అలాంటి మెసేజ్‌ని ఆసరా అనుకొని నిన్ను ఆ కుర్చీలో ఎన్నాళ్ళు కూర్చోబెట్టను? వెనక్కొచ్చి కూర్చొని "సరే" అన్నాను.

ఆ మెసేజ్ ఆపేసింది నేనేనమ్మా. ఇంకెవరి మీదా కోప్పడకు. నాన్న పేరు ముందు "గౌరవనీయులైన" అని రాసి, రేపు వేళకు రండి అని పిలిచేది ఈ లోకంలో అదొక్కటే మిగిలిందని నాకు తెలుసు. దాన్ని నీ కడుపున పుట్టినదే ఆపింది. నన్ను తిట్టు. పిన్ని చేత కూడా తిట్టించు. నాకూ బాధగానే ఉంది, రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి, చూస్తున్నావుగా.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. ఆ ఫోనుకి కొత్త బ్యాటరీ వద్దు. ఉబ్బిన బ్యాటరీ మంచిది కాదు, ఛార్జింగు పెట్టకు. కానీ నా మాట నువ్వెక్కడ వింటావు? వచ్చే మంగళవారం సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటావు. ఇప్పుడొస్తుందేమో, ఇంకాసేపటికి వస్తుందేమో అని చూస్తూనే ఉంటావు. అందుకని నేనొక పని చేశాను. నిన్నడక్కుండానే నీ పేరు ఆ ఆస్పత్రిలో నమోదు చేయించాను, నీ బీపీ చూడటానికి. అదే బుధవారం. కౌంటరావిడకు ఫోన్ చేసి, ఆ అమ్మాయిని నేనేనని కూడా చెప్పేశాను. నీ పేరు నాన్న వెనకే ఉంటుంది.

మంగళవారం సాయంత్రం మెసేజ్ నీ ఫోనుకి వస్తుంది. "గౌరవనీయులైన" అని నీ పేరే ఉంటుంది. అది వచ్చిందంటే నాన్న వంతు అయిపోయినట్టే అమ్మా, ఇంకేదీ రాదు. అప్పుడు నాన్న ఫోను ఆపేసి బీరువాలో పెట్టు.

మర్నాడు నేనూ వస్తున్నాను, సెలవు పెట్టాను. ఈసారి చూపించుకునేది నువ్వు, తోడొచ్చేది నేను. నాన్న బస్సు నడిపిన మనిషి గనుక ఏనాడూ వేళ తప్పలేదు, నా సంగతి నీకు తెలిసిందే. నేను కాస్త ఆలస్యమైతే ఫ్లాస్కు ఆ పక్క కుర్చీలోనే పెట్టి ఉంచు. ఎవరైనా కూర్చోబోతే, మనిషొస్తుందని చెప్పు.

ఇట్లు,
నీ నోటిదురుసు కూతురు