రెండు వేళ్లు ఎడమకు

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దుగాల నీ ఫొటోకు దండేసి, చౌటుప్పల్ల బస్సెక్కి పట్నం పోయి ఎయిర్ గన్ కొనుక్కొచ్చిన.

మా పోలీసోళ్లకు ఫైరింగ్ ఏడాదికి ఒక్కపారే. మొన్న నా మార్కులు తగ్గినయి. ఇంట్ల రోజూ కొడితేనే గురి నిలుస్తదనిపించింది. దుకాణపాయన బాగ జోరుగ కొట్టేది చూపెట్టిండు.

"జోరు నాకెందుకు? మా రైఫిల్ అంత బరువుండాలె, ఎన్నిమార్లు కొట్టినా ఒక్కతీరుగ పోవాలె" అన్న.

గసొంటిదే తీసి, కాగితం మీద నాతోని ఐదు ఛర్ర గుండ్లు కొట్టిచ్చిండు. ఐదూ ఒక్కకాడనే పడ్డయి. నడుమల కాదు, రెండు వేళ్లు ఎడమకు.

"తుపాకి సీదనే ఉంది మేడం, మీరే పక్కకు పట్టిన్రు" అన్నడు.

జాతరల బెలూన్లు కొట్టిచ్చే మన బుగ్గల దుకాణంల తుపాకి కుడికి కొట్టేది. నువ్వు దాన్ని బాగుచేయించలే, వచ్చినోళ్లకు చెప్పలే. నాకొక్కదానికే చెప్పినవ్, "రెండు వేళ్లు ఎడమకు పట్టు బిడ్డా" అని. రైఫిల్ పట్టినప్పుడు యాదికి రాని ముచ్చట, ఎయిర్ గన్ పట్టంగనే చెయ్యికి యాదికొచ్చింది.

"సైటు మీ చేతికి తగ్గట్టు జరపాల్నా?" అని అడిగిండు. వద్దన్న. తుపాకి మంచిగున్నప్పుడు మార్చుకోవాల్సింది చెయ్యినే.

ఇంటికొచ్చి ప్రహరీగోడకు కాగితం అంటించి కొట్టుకుంట కూసున్న. పొద్దుమీకే యాళ్లకు అన్నీ నడుమకే పడ్డయి. అప్పుడు నిమ్మకాయంత బుగ్గ ఊది గోడకు కట్టిన. ఒక్కపారి నువ్వు చెప్పినట్టే రెండు వేళ్లు ఎడమకు పట్టి కొట్టిన.

బుగ్గ ఇంకా గోడకే ఉంది.