పేరు రాయని చీటీ

శనివారం

సంస్థకు ఐదేళ్ల ప్రణాళిక వేద్దామని కన్సల్టెంటును పిలిపించింది నేనే. నాకే బుద్ధి లేదు. గవర్నర్‌పేట ఆఫీసులో స్టాఫందరినీ కూర్చోబెట్టి, "మన బలహీనత ఏంటో చీటీ మీద రాయండి. పేర్లు వద్దండీ," అన్నాడు. తర్వాత ఒక్కో చీటీ పైకి చదివాడు. ఒకదాంట్లో ఇలా ఉంది:

"మేడం గారు ఎవర్నీ మాట్లాడనివ్వరు."

ఒక్కరైనా కాదనలేదు. అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు.

"ఎవరు రాశారిది?" అన్నాను.

"అది అడక్కూడదండీ మేడం," అని నవ్వాడు. చెంప పగలగొట్టాలనిపించింది. ఇబ్రహీంపట్నం సందుల్లో ఇంటింటికీ తిరిగి, మొగుళ్లతో పోట్లాడి ఆడవాళ్లను చదువుకు తెచ్చాను. నేను నోరు మూసుకుని ఉంటే ఈ సంస్థ ఉండేదా?

చీటీలన్నీ, అటెండెన్స్ రిజిస్టరూ బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చాను. రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఆ చీటీలో చేతిరాతను ఒక్కొక్కరి సంతకంతో పోల్చి చూశాను. దొరికింది. ఖైరున్నిసా! సంతకం రాక వేలిముద్ర వేసే రోజుల్లో మా సెంటర్‌కి వచ్చిన మనిషి. చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించాను. ఇప్పుడు అక్కడే టీచరు. రాయడం నేర్పింది ఇందుకా?

సోమవారం రాగానే నా గదిలోకి పిలుస్తాను. తలుపు వేసి కడిగేస్తాను. ఒక్క ముక్క మాట్లాడనివ్వను.