ఇంకో లోకంలో నేను కథ వినేదాన్నట

మంగళవారం, రాత్రి

నా కళ్లు మసకబారినందువల్లే నవల చదివి వినిపించడం మానేశానని మా మూలకుళం పేటంతా చెప్పుకుంటున్నారట. అది అబద్ధం. నా కళ్లు చక్కగా ఉన్నాయి. చదివే పని రాజేశ్వరి చేతికి వెళ్లిపోయింది, అంతే.

ఈ తమిళ ఊళ్లో మా వీధి ఆడవాళ్లకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకే ఇన్నేళ్లుగా మధ్యాహ్నాలు నేను చదివేదాన్ని, వాళ్లు వినేవాళ్లు. ఈ సమాంతర లోకాల నవల మొదలుపెట్టిందీ నేనే. ఒకే మనిషి ఇంకో లోకంలో ఇంకోలా బతుకుతూ ఉంటుందని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పిందీ నేనే. నాకు జ్వరం వచ్చిన వారం పక్కింటి కోడలు రాజేశ్వరి ఆ పుస్తకం అందుకుంది. ఆమె ఉన్నది ఉన్నట్టు చదవదు. వినేవాళ్లందరినీ కథలోకి లాగుతుంది.

ఈరోజు నేను వెళ్లేసరికి, మేం కథకు చేరే కనకమ్మ వసారా నిండా నవ్వులు.

"ఆ లోకంలో మన కనకక్కకి తట్టాంచావడిలో సొంత ఫ్యాక్టరీ! మొగుడే వాచ్‌మన్!" అంటోంది రాజేశ్వరి.

"వానికి జీతం ఇయ్యనులే," అంది కనకమ్మ. "మరి టీచరక్క ఆడ ఏం చేస్తాంది?" అని నన్ను చూపించింది.

"ఆడ అక్క మన పక్కన కూర్చోని కథ వింటాంది."

అందరూ జరిగి నాకు చోటిచ్చారు. నేను కూర్చోలేదు. నేను చదివినన్నాళ్లలో వాళ్లు ఒక్కసారైనా అలా నవ్వారా...

తిరిగి వస్తూ పలకలు కొన్నాను. రేపటి నుంచి వాళ్లకు అక్షరాలు నేర్పుతాను. చదవడం వచ్చాక రాజేశ్వరి గొంతు ఎవరికీ అవసరముండదు. నాదీ ఉండదు. అందుకు సిద్ధపడే కొన్నాను.