గుమ్మం అవతలి బాకా

టకొరాడి,
మంగళవారం

మేనల్లుడు ఎబోకి,

మొన్న నీ రికార్డింగు గదిలో నన్ను చూసి నీ స్నేహితులు పడీ పడీ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, నా మాట కూడా విను.

మా రోజుల్లో బ్యాండు మొత్తానికీ మైకు ఒక్కటే. పాడేవాడు దాని ముందు, గిటార్లు వెనక, డప్పులు గోడ దగ్గర. బాకా మోత ఎక్కువని నన్ను గుమ్మం దాటించి వాకిట్లో నిలబెట్టేవాళ్ళు. ఒక్కడు తప్పు వాయిస్తే పన్నెండు మందిమీ మళ్ళీ మొదటి నుంచి వాయించాలి. నీకైతే తప్పిన ముక్క కోసేసి అతికిస్తే సరి!

ఇరవై ఏళ్ళు వాకిట్లోనే ఊదాను. అందుకే నువ్వు "ఊదు మామా" అనగానే నా కాళ్ళు వాటంతటవే బయటికి నడిచాయి. "మామా, ఎక్కడికి? మైకు ఇక్కడుంది!" అని నువ్వు అరుస్తున్నా కళ్ళు మూసుకుని ఊదేశాను. సరిగ్గా అప్పుడే మొక్కజొన్న కెంకె ముద్దలు అమ్మే ఎఫువా "వేడి వేడి కెంకె!" అంటూ వచ్చింది.

నువ్వు పంపిన పాట విన్నాను. ఎఫువా కేకను నాలుగుసార్లు తిప్పి తిప్పి పెట్టావు. నా బాకా మాత్రం పక్క వీధిలో చావు మేళంలా వినపడుతోంది. ఇదేం న్యాయంరా?

పొద్దున ఎఫువా గంప దించి, "అన్నయ్యా, నీ మోతలో నా గొంతు సరిగ్గా పడలేదు. ఈసారి ఇంకాస్త దూరంగా నిలబడు" అంది.

ఆ వాకిలి దాటితే ఇక సముద్రమే కదరా. నన్ను లోపలికి పిలువు.

మీ మామ